గ్రీన్‌టీ గోలీలు, అమ్మ పోసిన పసరు

మా దుకాణంలో బస్తాలు తూచే కాంటా మీద నన్ను నేను తూచుకోవడం నాకు పాత అలవాటు. పొద్దున షట్టర్ ఎత్తి, దేవుడి పటాలకు అగరుబత్తి ముట్టించి, గిరాకీ రాకముందే చెప్పులు విడిచి ఎక్కేవాణ్ని. ఆ ఏడు ఫిబ్రవరిలో కాంటా నూట నాలుగు కిలోలు చూపించింది. బియ్యం క్వింటాలు దగ్గర నాలుగు కిలోల తేడా వస్తే మిల్లువాడితో అరపూట కొట్లాడే మనిషిని. నా ఒంటి తేడాకు ఎవరితో కొట్లాడాలో తెలియలేదు.

ఇదంతా ఇప్పుడు రాస్తున్నానంటే గండం గడిచింది కాబట్టే. కళ్ల పచ్చదనం పోయింది, ఆకలి తిరిగొచ్చింది. "మొక్కల నుంచి తీసిందే కదా, ఏం చేస్తుంది" అనుకుంటూ గోలీల డబ్బాలు కొనేవాళ్లు ఇంకా ఉన్నారు. మా ఊళ్లో కొందరికి ఆ డబ్బాలు అమ్మింది నేనే. వాళ్లకు ఎదురుపడి చెప్పినదాన్నే మిగతావాళ్ల కోసం కాగితం మీద పెడుతున్నాను. సగం నాకోసం కూడా. ఇప్పటికీ ఆస్పత్రి ముందు నుంచి బస్సు వెళ్తుంటే తల అవతలికి తిప్పుకుంటాను.

ఫిబ్రవరి

మాది చేవెళ్లలో, బీజాపూర్ రోడ్డు మీద, బస్టాండు పక్కన కిరాణా దుకాణం. తాత పెట్టింది. నేనూ మా అన్నా కలిసి నడిపేవాళ్లం. ముందటేడు అన్న గల్లా వెనక కుర్చీలోనే కూలిపోయాడు. నలభై నాలుగేళ్లు. నాలాగే భారీ మనిషి. గుండె అన్నారు డాక్టర్లు. అప్పటి నుంచి నేను మెట్లెక్కి ఆయాసపడితే చాలు, మా అమ్మ చేతిలో పని వదిలేసి నన్నే చూసేది. ఆ చూపుకు భయపడి మెట్ల మీద ఊపిరి బిగపట్టడం నేర్చుకున్నాను.

అవి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు ఊపందుకున్న రోజులు. శనివారం వచ్చిందంటే మాదాపూర్ వైపు నుంచి కార్లు మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లకు బారులు కట్టేవి. వాటిలో కొన్ని, ప్లాట్లు చూసుకోవడానికి చేవెళ్ల దాకా వచ్చేవి. ఆ కార్లలోని పిల్లలు దుకాణం ముందు ఆగి ఓట్స్ ఉన్నాయా, గ్రీన్ టీ ఉందా అని అడిగేవాళ్లు. లేవంటే నా పొట్ట వైపు ఒకసారి చూసి, "ఓకే అంకుల్" అని వెళ్లిపోయేవాళ్లు. అప్పటికి నాకు నలభై ఒకటి.

సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒకటి మొయినాబాద్‌లో ఉచిత ఆరోగ్య శిబిరం పెట్టింది. ఉచితం అన్నాక నేను వెళ్లకుండా ఎలా ఉంటాను? పొట్ట స్కాన్ చేసిన కుర్ర డాక్టరు కాలేయంలో కొవ్వు పేరుకుందన్నాడు. రాత్రి అన్నం తగ్గించండి, రోజూ ఒక గంట నడవండి, ఆరు నెలల తర్వాత మళ్లీ చూద్దాం అన్నాడు. నాకు నచ్చలేదు. పైసా తీసుకోకుండా చెప్పిన మాట కదా, దాని మీద నమ్మకం కుదరలేదు.

ఆ వారంలోనే ప్రసాద్ అనే ఏజెంటు వచ్చాడు. మెడలో టై, చేతిలో రంగుల కరపత్రాలు. గ్రీన్ టీ ఆకుల సారం తీసి గోలీలుగా చేశారట. అందులో ఉండే యాంటీ ఆక్సిడెంట్లు ఒంట్లో కొవ్వును కాల్చేస్తాయి, కాలేయాన్ని శుద్ధి చేస్తాయి అని కరపత్రం చదివి వినిపించాడు. మాదాపూర్ ఆఫీసుల్లో అందరూ ఇవే మింగుతున్నారన్నాడు. పది డబ్బాలు తీసుకుంటే ఒకటి ఉచితం అన్నాడు. టిఫిన్ వేళ వచ్చినవాణ్ని అన్నం వేళ దాకా నిలబెట్టి, మధ్యలో రెండు సార్లు పాలు, చక్కెర వేసిన మామూలు చాయ్ తాగించి, మూడు డబ్బాలు ఉచితంగా రాబట్టాను. అతను బయల్దేరేటప్పుడు అలసిపోయి టై వదులు చేసుకున్నాడు. ఆ రోజంతా ఈల వేసుకుంటూ తిరిగాను.

మా ఇంట్లో తాతల నాటి పద్ధతి ఒకటి ఉంది. కొత్త సరుకు ఏది వచ్చినా ముందు నెల రోజులు ఇంట్లో వాడాలి, ఆ తర్వాతే దుకాణంలో పెట్టాలి. కారం, సబ్బు, టీపొడి, ఏదైనా సరే. అన్న ఉన్నప్పుడు ఆ పద్ధతి తప్పనిచ్చేవాడు కాదు. నేను తప్పలేదు, కాస్త కుదించాను, అంతే. పది డబ్బాలూ ఆ సాయంత్రమే అద్దాల బీరువాలో పెట్టాను. ఉచితంగా వచ్చిన మూడూ ఇంట్లో పెట్టుకుని మర్నాడే మింగడం మొదలుపెట్టాను.

డబ్బా మీద రోజుకు ఒకటి, భోజనం తర్వాత అని ఉంది. రోజుకు ఒకటి చొప్పున రెండు నెలల్లో ఫలితం వస్తే, నాలుగు చొప్పున రెండు వారాల్లో రావాలి కదా. లెక్క సరిగ్గానే ఉందనిపించింది. ఇక భోజనం తర్వాత ఎందుకు? నిండిన గోనెలో సరుకు పట్టదు, ఖాళీ గోనెలో బాగా దిగుతుంది. కాబట్టి పరగడుపున నాలుగు. నా భార్య సువర్ణకు ఒకటి ఇస్తే వాసన చూసి వెనక్కి ఇచ్చేసింది.

నెల తిరిగేసరికి కాంటా తొంభై తొమ్మిది చూపించింది. గిరాకీ నిండుగా ఉన్నప్పుడు అందరి ముందూ కాంటా ఎక్కి చూపించేవాణ్ని. అంతకంటే మంచి ప్రచారం ఏముంటుంది? తొమ్మిది డబ్బాలు అలాగే పోయాయి. పదోది పక్కనున్న ముడిమ్యాల ఊరి అనసూయమ్మ తీసుకుంది.

ఆమె గురించి చెప్పాలి. క్యారట్, కొత్తిమీర పండించే పెద్ద రైతు ఇంటి కోడలు. పదిహేనేళ్లుగా మంగళవారం మంగళవారం నాతో బేరమాడుతోంది. చింతపండు దగ్గర మొదలై తన కోడలి కాన్పు దాకా వెళ్లి మళ్లీ చింతపండు దగ్గరే ఆగే బేరాలు అవి. ఆమె కూడా ఒళ్లున్న మనిషే. నా వెనకే కాంటా ఎక్కి, ముల్లు చూసి, "నీ కాంటా ఎప్పటికీ ఎక్కువనే చూపిస్తది సేటు" అని, ఆ తర్వాత డబ్బా అడిగింది. రోజుకు ఎన్ని వేసుకోవాలంటే, నేను నాలుగు వేసుకుంటున్నానని చెప్పాను. ఒకటి అని డబ్బా మీద ఉన్న సంగతి చెప్పలేదు.

మార్చి చివర

ఉగాది నాడు పచ్చడి నోట్లో పెట్టుకోగానే కడుపులో తిప్పింది. వేప్పువ్వు ఎక్కువైందన్నాను. ఆ తర్వాత అన్నం వాసన పడలేదు, పోపు వాసన పడలేదు. ఆకలి చచ్చిపోయింది. నేనేమో లోలోపల సంబరపడ్డాను. గోలీ ఇప్పుడు అసలు పని మొదలుపెట్టింది, కొవ్వు కాలుతోంది అనుకున్నాను. కాంటా తొంభై ఆరు చూపించింది. "సన్నబడ్డవ్ సేటు" అని గిరాకీలు అంటుంటే మధ్యాహ్నం గల్లా మీద తల వాల్చి నిద్రపోవడం కూడా అందులో భాగమే అనుకున్నాను. అరచేతులు, అరికాళ్లు దురద. మూత్రం చాయ్ డికాక్షన్ రంగు. గ్రీన్ టీ గోలీలు మింగితే టీ రంగు రాదా అని సరిపెట్టుకున్నాను. ఇంత తెలివిగలవాణ్ని మా బజారులో ఇంకొకణ్ని చూపించండి.

ఒకరోజు పొద్దున సువర్ణ నన్ను చెయ్యి పట్టుకుని దుకాణం బయటికి, ఎండలోకి లాక్కొచ్చింది. కింది రెప్ప లాగి చూసింది.

"పచ్చగున్నయండి కండ్లు."

"పొద్దున పసుపు పొట్లాలు కట్టిన గద. చెయ్యి పెట్టుకున్ననేమో."

"పొట్లాలు కండ్లల్ల కట్టిన్రా?" అంది. నవ్వలేదు.

ఏప్రిల్ మొదటి వారం

కామెర్లు అనగానే మా అమ్మ ఇంకెవరి మాటా వినలేదు. అన్న విషయంలో ఆలస్యమైందనే బాధ ఆమెలో అలాగే ఉంది. మర్నాడు మొదటి బస్సుకు తానే షాబాద్ వైపు పల్లెకు వెళ్లి, తెలిసిన మనిషి దగ్గర పసరు నూరించుకుని, స్టీలు డబ్బాలో మూత బిగించి తెచ్చింది. మూడు పొద్దులు, పరగడుపున. ఉప్పు లేదు, కారం లేదు, పెరుగన్నమే. తానే గ్లాసులో పోసి, తాగేదాకా ఎదురుగా నిలబడేది. ఒక చెయ్యి నా వీపు మీద ఉండేది.

అమ్మకు తెలియనిది ఒకటుంది. కరపత్రం మళ్లీ తీసి చదివాను. "కాలేయాన్ని శుద్ధి చేస్తుంది" అని అచ్చులో ఉంది. కామెర్లు కాలేయం జబ్బే కదా. అయితే మందు ఇంట్లోనే ఉన్నట్టు. పసరు తాగిన పావుగంటకు లోపలికి వెళ్లి నాలుగుకు బదులు ఆరు గోలీలు మింగాను. మూడు రోజులూ.

నాలుగో రోజు కందిపప్పు బస్తాల దగ్గర వాంతి చేసుకుని అక్కడే కూర్చుండిపోయాను. లేవబోతే కాళ్లు రాలేదు. పక్క దుకాణం వాళ్లు ఎత్తి ఆటోలో వేశారు. సువర్ణ ఒక పక్క, అమ్మ ఒక పక్క. మొయినాబాద్ దగ్గరి పెద్ద దవాఖానకు చేరేదాకా అమ్మ మా అన్న పేరే తలుచుకుంది, నా పేరు కాదు. అది విని నాకు మొదటిసారి భయమేసింది.

ఆస్పత్రిలో

రక్త పరీక్ష కాగితం రావడానికి రెండు గంటలు పట్టింది. ఆ హాల్లో ఇనుప కుర్చీలు వరసగా ఉండేవి. ఎదుటి కుర్చీలో ఒక ముసలాయన తన ఎక్స్‌రేను ఒళ్లో పెట్టుకుని పాపాయిలా చూసుకుంటున్నాడు. ఎవరి పేరు పిలిచినా మేం ముగ్గురం లేవబోయేవాళ్లం. చివరికి మా పేరు పిలిచినప్పుడు మాత్రం ముగ్గురం కూర్చునే ఉన్నాం.

చూసిన డాక్టరు చిన్న వయసు ఆడమనిషి. మాట నెమ్మది. కామెర్ల కొలత ఒకటికి అటూ ఇటూ ఉండాల్సింది పద్నాలుగు ఉందంది. తాగుతారా అని అడిగింది. మా ఇంటావంటా లేదన్నాను. వైరస్ పరీక్షలకు రక్తం తీయించి, "ఈ మధ్య ఏమైనా మందులు, గోలీలు, చూర్ణాలు వాడారా" అని అడిగింది.

ఇక్కడే నేను తప్పు చేశాను. మా వ్యాపారంలో చిన్నప్పటి నుంచి నేర్పే మొదటి పాఠం, సరుకు ఎక్కడ తెచ్చావో, అందులో ఏం కలిపావో అడిగినవాడికల్లా చెప్పకూడదని. ఆ ప్రశ్న వినగానే నా నోరు దానంతటదే మూసుకుంది. పైగా పది డబ్బాలు ఊళ్లో ఉన్నాయి. డాక్టరు నోటి నుంచి ఒక మాట వస్తే సాయంత్రానికి చేవెళ్ల అంతా తెలుస్తుంది. "ఏం లేదు మేడం" అన్నాను.

అమ్మ ముందుకొచ్చింది. "పసరు తాపిన బిడ్డా. మూడు పొద్దులు. నేనే తెచ్చిన."

డాక్టరమ్మ కోపంగా ఏమీ అనలేదు. ఏ ఆకులో తెలియకుండా అలా తాగించడం ప్రమాదం అమ్మా, ఒక్కోసారి పసరు వల్లే కాలేయం పాడవుతుంది అని మాత్రం చెప్పింది. అమ్మ తల ఊపింది. తర్వాత వార్డు బయటికి వెళ్లి బెంచీ మీద కూర్చుంది. ఆ తర్వాత ఎన్ని రోజులైనా లోపలికి రాలేదు. తలుపు అద్దంలో నుంచి చూసి వెళ్లేది. అక్కడ ఊడ్చే ఆయమ్మ రోజూ ఆమెకు ఒక చాయ్, దుప్పటీ తెచ్చిచ్చేదట. ఎవరూ చెప్పకుండానే. ఆమె పేరు అడిగే తెలివి కూడా మాకు అప్పుడు లేదు.

నా చొక్కా జేబులో ఒక పట్టీ గోలీలు ఉన్నాయి. ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాయాలి. ఆస్పత్రిలో కూడా బాత్రూంలోకి వెళ్లి పొద్దునొకటి, సాయంత్రమొకటి మింగాను. సెలైన్ ఎక్కుతున్న చేత్తోనే. కాలేయాన్ని శుద్ధి చేసేది మానేస్తే ఉన్నదీ పోతుందేమో అని భయం. భయపడిన మనిషికి అచ్చులో ఉన్న మాట ఎంత గట్టిదో అప్పుడు తెలిసింది.

కొలత పద్నాలుగు కాస్తా పదహారైంది. వైరస్‌లు ఏవీ లేవని తేలింది. పసరు ఆపి అయిదు రోజులైనా ఎందుకు పెరుగుతోందో డాక్టరమ్మకు అంతు చిక్కడం లేదు. పద్దెనిమిదైంది. రేపటికి పదిహేనుకు దిగుతుందా మేడం అని అడిగాను. అలవాటు. ఆమె కాగితం మీద నుంచి తల ఎత్తలేదు.

ఆరో రోజు సువర్ణను పక్కకు పిలిచి మాట్లాడింది. నాకు వినపడింది. రక్తం గడ్డకట్టడం నెమ్మదిస్తోంది. ఇంకో రెండు రోజుల్లో తిరగకపోతే సిటీకి పంపాలి, అక్కడ కాలేయం మార్చే సంగతి మాట్లాడాల్సి రావచ్చు. సువర్ణ తిరిగొచ్చి మంచం పక్కన కూర్చుని దుప్పటి అంచు మడతపెట్టింది. విప్పింది. మళ్లీ మడతపెట్టింది.

"అమ్మకు చెప్పకు" అన్నాను.

"ఆమెకు చెప్పేదేమున్నది. నా చేతులతోనే చంపుకుంటున్న అని బెంచీ మీద కూసోని అంటున్నది రోజు."

నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. జేబులో పట్టీ పక్కటెముకకు గుచ్చుకుంది. అప్పుడు కూడా చెప్పలేదు.

మర్నాడు, మంగళవారం

మంగళవారం కాబట్టి అనసూయమ్మ మార్కెట్‌కు వచ్చి, దుకాణం మూసి ఉండటం చూసి, విషయం తెలుసుకుని బస్సెక్కి వచ్చింది. సంచీలో క్యారట్లు. కిటికీ పక్కన స్టూలు లాక్కుని కూర్చుని నన్ను పైనుంచి కిందికి చూసింది.

"మనిషి సగమైనవ్ సేటు. బేరమాడేటోడు లేక బజారంత సప్పగున్నది."

సువర్ణ ఆమెకు ఇడ్లీ పెట్టబోయింది. వద్దంది.

"నాకు ఈ నడుమ తిండి మీద ఆశనే లేదమ్మా. మీ ఆయన గోలీలు మస్తు పనిజేస్తున్నయి. అన్నం చూస్తేనే యాష్టకొస్తున్నది. నాలుగు కిలోలు తగ్గిన." నా వైపు తిరిగి, "నీ కాంటా మీద గాదు, మా ఊరి రేషన్ దుకాణంల తూగిన" అంది.

ఆమె కూర్చున్నది కిటికీ వెలుతురులో. నేను ఆమె కళ్లలోకి చూశాను. పచ్చగా ఉన్నాయా? కర్టెన్ రంగు పడిందా? తెలియలేదు. ఎంత చూసినా తెలియలేదు. ఒకసారి తెల్లగా, ఒకసారి పచ్చగా కనిపించాయి.

"ఎన్ని వేసుకుంటున్నవక్కా?" అని అడిగాను.

"నువ్వు చెప్పినన్నే. నాలుగు."

సువర్ణ చేతిలో ఇడ్లీ ప్లేటు అలాగే ఉండిపోయింది. "ఏం గోలీలు?" అంది. దుకాణంలో అమ్మడం ఆమెకు తెలుసు. ఒకటి వాసన చూసి ఇచ్చేసింది కూడా. నేను ఇంకా, అదీ రోజుకు నాలుగు, మింగుతున్నట్టు తెలియదు.

నర్సును పిలిచి డాక్టరమ్మను రమ్మనండి అన్నాను. ఆమె వచ్చేదాకా పావుగంట పట్టింది. ఆ పావుగంటా అనసూయమ్మ సంచీలో క్యారట్లు అటూ ఇటూ సర్దింది.

డాక్టరమ్మ రాగానే జేబులోంచి పట్టీ తీసి మంచం మీద పెట్టాను. ఎప్పటి నుంచి, ఎన్ని, పరగడుపున, ఆరు చేసిన మూడు రోజులు, నిన్న సాయంత్రం బాత్రూంలో మింగినది కూడా, అన్నీ చెప్పాను. ఒక్కటీ దాచలేదు. ఎన్ని డబ్బాలు అమ్మానో, అందరికీ రోజుకు ఎన్ని చెప్పానో కూడా.

ఆమె పట్టీ తిప్పి చూసింది. వెనకాల అక్షరాలు చదివింది.

"మొదటి రోజు అడిగిన గద నేను" అంది. అంతే. నా జీవితంలో చాలా తిట్లు తిన్నాను, మార్కెట్లో పెరిగినవాణ్ని. ఆ ఒక్క మాట ఇంకా తగులుతోంది.

తర్వాత స్టూలు లాక్కుని కూర్చుని విడమర్చి చెప్పింది. టీ ఆకులో ఉండే యాంటీ ఆక్సిడెంట్లు చెడ్డవి కావట. కొవ్వు కరగడంలో కొంత సాయం చేస్తాయేమోనని పరిశోధనలు జరుగుతున్నాయట, ఎలుకల్లో కనిపించినంత మనుషుల్లో కనిపించడం లేదట. "కప్పుల తాగుతే నెమ్మదిగ, కొంచెం కొంచెం పోతది. ఆ సారమంతా పిండి గోలీల కుక్కి, ఖాళీ కడుపుల నాలుగు మింగితే ఒక్కసారే మీద పడుతది. మొయ్యాల్సింది లివరే. మీ లివర్ అప్పటికే కొవ్వు మోస్తున్నది."

"ఒకటే వేసుకుంటే ఏం కాకపోతుండెనా మేడం?"

"చాలమందికి కాదు. కొందరికి తక్కువకే అయితది. ఎవరికి అయితదో ముందే చెప్పే పరీక్ష నా దగ్గర లేదు."

ఆమె అనసూయమ్మ వైపు తిరిగి, అప్పటికప్పుడే రక్తం ఇవ్వమంది. అనసూయమ్మ లేచింది. తలుపు దగ్గర ఆగి నన్ను చూసింది.

అమ్మను లోపలికి పిలవమన్నాను. వచ్చి మంచం కాళ్ల దగ్గర నిలబడింది. నీ పసరు కాదమ్మా, నేను దొంగచాటుగా మింగిన గోలీలు అని చెప్పాను. ఆమె డాక్టరమ్మను చూసింది. డాక్టరమ్మ అబద్ధం చెప్పలేదు. రెండూ ఒకేసారి కడుపులో పడ్డాయి, పసరు కొంత చేసి ఉండొచ్చు, ఏది ఎంతో నేను చెప్పలేను, కానీ నెలన్నరగా రోజూ పడింది మాత్రం గోలీలే అంది.

"పోసిన చెయ్యి నాదే గద బిడ్డా" అంది అమ్మ. మళ్లీ బెంచీ దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత పదిహేను రోజులు

గోలీలు ఆపిన రెండు రోజులకు కూడా కొలత పంతొమ్మిది దాటింది. అంబులెన్సుకు చెప్పి ఉంచారు. మూడో రోజు పంతొమ్మిది దగ్గరే ఆగింది. రక్తం గడ్డకట్టే పరీక్ష ఇంకా దిగజారలేదు. డాక్టరమ్మ ఇంకొక్క రోజు చూద్దామంది. ఆ రోజు నేను ఎవరితోనూ బేరమాడలేదు. దేవుడితో కూడా. ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదనిపించింది.

నాలుగో రోజు పదిహేడు.

సువర్ణ ఆ కాగితం చూసి బయటికి వెళ్లి చాలాసేపటికి వచ్చింది. అప్పటిదాకా నాతో మందు వేళ, నీళ్ల వేళ తప్ప మాట్లాడలేదు. ఆ సాయంత్రం చేవెళ్ల వెళ్లి, సగం షట్టర్ ఎత్తి, అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి అతికించింది. మా దుకాణంలో కొన్న గ్రీన్ టీ గోలీలు ఎవరూ వేసుకోవద్దు, తెచ్చి ఇవ్వండి, కళ్లు పచ్చగా ఉంటే వెంటనే దవాఖానకు వెళ్లండి, మా ఇంటాయన వేసుకోబట్టే ఆస్పత్రిలో ఉన్నాడు. నేను భయపడినట్టే ఊరంతా తెలిసింది. నేను అనుకోనిది, మూడు రోజుల్లో ఎనిమిది డబ్బాలు వెనక్కి వచ్చాయి. మూడు సీలు కూడా విప్పలేదు. కొనుక్కుని బీరువాలో దాచుకున్నారు, మంచి రోజు చూసి మొదలుపెడదామని. ప్రసాద్‌కు మాత్రం ఎన్నిసార్లు చేసినా ఫోను మోగలేదు.

తొమ్మిదోది కొన్నవాళ్లింటికి పెళ్లికి వచ్చిన చుట్టం ఊరికి తీసుకెళ్లిందని తెలిసి, ఆ ఊరికి ఫోను చేసి చెప్పే దాకా సువర్ణ అన్నం తినలేదు. అనసూయమ్మ కాగితంలో కాలేయం కొద్దిగా దెబ్బతిన్నట్టు వచ్చింది. కామెర్లు లేవు. మానేస్తే సర్దుకుంటుందన్నారు. నాలుగు వారాల్లో సర్దుకుంది. ఆ నాలుగు వారాలూ నేను నా కొలతకంటే ముందు ఆమె కొలత అడిగేవాణ్ని.

మే, జూన్

ఇంటికి వచ్చాక దురద తగ్గడానికే నెల పట్టింది. పొద్దున లేచి అద్దం దగ్గరికి కాదు, వాకిట్లోకి వెళ్లి సువర్ణకు కళ్లు చూపించేవాణ్ని. ఆమె రెప్ప లాగి చూసి, ఏమీ అనకపోతే ఆ రోజు మంచిదని లెక్క.

ఒక మంగళవారం అనసూయమ్మ వచ్చి డబ్బా గల్లా మీద పెట్టింది. సగం ఖాళీ.

"దీనికి బదులు ఏమిస్తవ్?"

"నువ్వు అడిగిందిస్త అక్కా."

"చింతపండు రెండు కిలోలు" అంది. సరేనన్నాను. "బెల్లం గూడ." సరేనన్నాను. ఆమె మొహం చిన్నబోయింది. "నీకింక జబ్బు తగ్గలే సేటు. జర తగ్గినంక వస్త" అని డబ్బా అక్కడే వదిలి, ఏమీ తీసుకోకుండా వెళ్లిపోయింది.

బరువు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మొదలుపెట్టింది దాని కోసమే. జబ్బులో తొంభైకి పడిపోయి, ఆకలి రాగానే మళ్లీ తొంభై ఏడుకు వచ్చాను. శిబిరంలో కుర్ర డాక్టరు ఉచితంగా చెప్పిన మాటే డాక్టరమ్మ ఫీజు తీసుకుని చెప్పింది. రాత్రి అన్నం తగ్గించాలి, నడవాలి. యాంటీ ఆక్సిడెంట్లు కావాలంటే మీ ముందు నుంచి రోజూ ట్రాలీలలో సిటీకి పోతున్నాయి కదా, టమాట, క్యారట్, పాలకూర, వాటిని ప్లేట్లో తినండి అంది. నెలకు కిలో, కిలోన్నర చొప్పున తగ్గుతూ వచ్చాను. పొద్దున ముడిమ్యాల వైపు నడుస్తాను. గ్రీన్ టీ కావాలని శనివారం కార్లలో వచ్చేవాళ్లకు ఆకు అమ్ముతాను, కప్పులో వేసుకోవడానికి. గోలీలు అడిగితే కూర్చోబెట్టి ఈ కథ చెప్తాను. చాలామంది మధ్యలోనే లేచిపోతారు.

ఒక్కటి మాత్రం అలాగే ఉండిపోయింది. ఆస్పత్రి నుంచి వచ్చాక అమ్మ తన చేత్తో నాకు ఏదీ ఇవ్వలేదు. మంచినీళ్లు కూడా. అన్నం కలిపి సువర్ణకు అందించేది, నాకు పెట్టమని. అడిగితే పనిలో ఉన్నానని తప్పించుకునేది.

జూలై

చివరి పరీక్షకు ఒక్కణ్నే బస్సులో మొయినాబాద్ వెళ్లాను. అన్ని కొలతలూ ఉండాల్సిన చోట ఉన్నాయి. ఈ వారం ఏమేం తిన్నారని డాక్టరమ్మ అలవాటుగా అడిగింది. సోమవారం నుంచి మొదలుపెట్టి, పక్క దుకాణం వాళ్లు పెట్టిన మిర్చి బజ్జీ దాకా, తలనొప్పికి రాసుకున్న మందు దాకా చెప్పుకుంటూ పోయాను. బయట వరస పెరుగుతోంది. చాలు ఇక అని ఆమె చెయ్యి ఎత్తింది. మొదటిసారి నవ్వింది.

తిరిగొచ్చేసరికి అమ్మ దుకాణం మెట్టు మీద కూర్చుని ఉంది. అన్నీ బాగున్నాయన్నాను. కాగితం తీసుకుని, చదవడం రాకపోయినా, రెండు వైపులా చూసింది. లోపలికి వెళ్లింది. కొంతసేపటికి స్టీలు గ్లాసుతో వచ్చి నా ముందు నిలబడింది. ఇవ్వలేదు. రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

"మజ్జిగ" అంది. "పెరుగు, నీళ్లు, ఉప్పు, కరివేపాకు, జరంత అల్లం. ఇంకేం ఎయ్యలే."

గ్లాసు అందుకున్నాను. ఆమె వేళ్లు అంచు వదల్లేదు. అలాగే ఇద్దరం పట్టుకుని ఉండగా సగం తాగాను.

"అల్లం ఎక్కువైందమ్మా."

"ఎంత ఎక్కువైంది?" అంది గాభరాగా, గ్లాసు వెనక్కి లాక్కోబోతూ.

నేను వదల్లేదు. మిగిలినదీ తాగేశాను.